మోచెయ్యి వంచిన ఆదివారం

మేష్టారు నా ఎడమ చెయ్యి ముందుకి చాచమన్నారు. చాచాను. చిన్న ఫిడేలు అడుగుభాగాన్ని నా మెడ కింద ఎముకకి ఆనించి, దాని తలని నా అరచేతి వైపు పడుకోబెట్టారు. తల అరచేతి మధ్యలో పడితే ఆ ఫిడేలు ఆ బిడ్డకి సరిపోయినట్టు. మణికట్టు దగ్గరే ఆగిపోతే బిడ్డ ఎదిగిపోయినట్టు, ఫిడేలు ఇంకొకరికి వెళ్లిపోవాలి. ఆ రోజు అది మణికట్టు దగ్గరే ఆగాలి. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే వారం రోజులుగా తలుపు వెనక నిలబడి నన్ను నేను కొలుచుకుంటూనే ఉన్నాను. వదులు స్వెట్టరు లోపల మోచెయ్యి కాస్త వంచాను. భుజం కూడా వెనక్కి లాక్కున్నాను. ఫిడేలు తల వచ్చి బుద్ధిగా అరచేతి మధ్యలో పడింది.

"ఇంకో ఆర్నెల్లు సరిపోతాది" అన్నారు మేష్టారు.

గుమ్మం దగ్గర రైల్వే గేంగ్‌మన్ దొన్ను, అతని కూతురు సోంబారి నిలబడి ఉన్నారు. ఆ ఫిడేలు తీసుకెళ్లడానికే వచ్చారు వాళ్లు. వాయిద్యాన్ని చుట్టుకోవడానికి దొన్ను కొత్త తువ్వాలొకటి తెచ్చాడు. దాన్ని మళ్లీ మడతపెట్టి భుజం మీద వేసుకుంటూ, "సర్లెండి బాబూ. ఆర్నెల్లంటే ఎంతలోకి? బేగొచ్చెత్తాయి" అన్నాడు.  సోంబారి చూపు నా ముఖం మీద లేదు, స్వెట్టరులో దాగిన నా మోచేతి మీద ఉంది.

ఇదంతా మళ్లీ కదలడానికి కారణం నా మనవరాలు. ఎనిమిదేళ్లది, విశాఖలో చదువుతోంది. బళ్లో ఎవరో వయొలిన్ వాయిస్తుంటే చూసి తనకీ కావాలంది. "కొనొద్దమ్మా, అద్దెకిస్తారట, నువ్వు తీసుకెళ్లు" అని మా అమ్మాయి ఆ పని నా మీద పెట్టింది. దుకాణంలో గోడంతా వయొలిన్లే, చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా మెట్ల వరసలా వేలాడుతున్నాయి. దుకాణదారు టేపు తీసి పిల్ల చెయ్యి కొలవబోయాడు. అది మునివేళ్ల మీద లేచి, చెయ్యి ఊడివచ్చేలా చాచింది. పెద్దది కావాలి దానికి. "ఏటమ్మా, లాగితే సెయ్యి పెరుగుతాదేటి?" అని అతను నవ్వాడు. "అర సైజు తీసుకెళ్లండి మేడమ్. పాప ఎదిగాక తెచ్చేయండి, ముప్పాతికది ఇస్తాం" అన్నాడు. నేను సంతకం పెట్టి బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. ఎదురుగా టీ దుకాణం ఉంటే టీ తీసుకున్నాను గానీ తాగలేకపోయాను. దగ్గర దగ్గర నలభై ఏళ్లు దినపత్రికలో విలేకరిగా చేసిన మనిషిని. ఎవరి వంతు ఎవరు తినేశారో ఊరూరా తిరిగి రాయడమే నా ఉద్యోగం. ఆ రోజు నుంచి ఇంట్లో కాలు నిలవడం లేదు. పుస్తకం తెరిస్తే రెండో పేజీ దాటదు. వరండాలో ఇటు నుంచి అటు నడుస్తుంటే, "అమ్మమ్మా, నువ్వేమైనా పోగొట్టుకున్నావా?" అని మనవరాలు అడుగుతోంది.

మా నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్, బండ్లకి పట్టాలు మార్చే పని. విజయనగరం దగ్గర పల్లపు ఊరి రైతు కుటుంబం మాది. కొండ లైను వేసిన కొత్తలో నాన్నని టైడా స్టేషన్‌కి వేశారు. రెండు గదుల క్వార్టరు, వెనక కొండ, ముందు పట్టాలు, పట్టాలకి అవతల లోయ. పొద్దున్న లేస్తే ముందు వచ్చేది చలి. ఆ తర్వాత ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సుబండి, దాని వెనక బ్రేకులు కాలిన వాసన. అమ్మ ఆ బండి చప్పుడుని బట్టి వంట చేసేది. మొదటి బండికి పొయ్యి, రెండో బండికి అంబలి, పాసింజరు వచ్చే వేళకి నాన్న క్యారేజీ. గోడ మీద గడియారం ఉండేది గానీ దాన్ని ఎవరూ చూసేవారు కాదు. మంచు దిగిన రోజుల్లో ఆరేసిన బట్టలు మూడు రోజులకీ ఆరేవి కావు. వాటిని పొయ్యి చుట్టూ కట్టిన తాళ్ల మీద వేస్తే బడికి వెళ్లేటప్పుడు నా గౌనంతా పొగ వాసన, రాగుల వాసన.

నాన్నమ్మ మాతోనే ఉండేది. మా ప్రాంతపు ముసలమ్మల్లాగే అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పు చివరని నోట్లో పెట్టుకుని పీల్చడం. నోరు మూసుకుని, ముక్కులోంచి పొగ వదులుతూ, పట్టాల వైపు చూస్తూ అరుగు మీద కూర్చునేది. కొండలంటే ఆమెకి సుఖం లేదు. "ఏటీ ఊరు? కాలు సాపితే లోయ, కాలు ముడిస్తే కొండ" అనేది. ఎవరినైనా తిట్టాలంటే మాత్రం చుట్ట తీసేది. అందుకని చుట్ట నోట్లో ఉన్నంతసేపు నేను క్షేమం.

అమ్మకి ఒక పద్ధతి ఉండేది. నాకు కుట్టే ప్రతి గౌనుకీ అంచులో రెండు మూడు మడతలు లోపలికి పెట్టి కుట్టేది. నేను ఎదిగినకొద్దీ ఏడాదికొక మడత విప్పేది. విప్పిన చోట రంగు వెలవని గీత ఒకటి అడ్డంగా కనిపించేది. నా గౌను చూస్తే నా వయసు చెప్పొచ్చనేవారు పక్క క్వార్టరు వాళ్లు. చెప్పులు రెండు సైజులు పెద్దవి కొని ముందు గుడ్డముక్క కుక్కేవారు. పలక, గొడుగు, దుప్పటి, అన్నీ పెద్దవే. ఎదిగే పిల్లకి సరిపోయేది కొనడమంత తెలివితక్కువ పని మా ఇంట్లో ఇంకొకటి లేదు.

ఆ తెలివితోనే నాన్న ఫిడేలు కొన్నాడు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో ఆయన ఎవరి అరుగు కిందో నిలబడి ఫిడేలు విన్నాడట. ఎవరిదో, ఏ పాటో చెప్పలేకపోయేవాడు. "ఎవరో పెద్దమ్మ ఏడిసి ఏడిసి ఊరుకున్నట్టు ఉండీది" అనేవాడు. రిటైరై వెళ్లిపోతున్న గార్డు ఒకాయన తన పాత ఫిడేలు ఇచ్చేస్తానంటే తెచ్చేశాడు. అది పెద్దవాళ్ల ఫిడేలు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. నేను కింద మఠం వేసుకుని కూర్చుని దాన్ని పాదానికి ఆనిస్తే నా చెయ్యి సగం దూరమే వెళ్లేది.

"పెద్దదయిపోనాది కదా" అంది అమ్మ.

"ఎదిగే పిల్ల. రెండేళ్లలో అదే సరిపోతాది. ఇంతలోకి ఇంకోటి కొంటామేటి?" అన్నాడు నాన్న.

నాన్నమ్మ చుట్ట తీసింది. "గుంటకి పిడేలు కొన్నావో, పిడేలుకి గుంటని కొన్నావోరా?"

గార్డుగారు వెళ్లిపోయేలోపు సరళీ స్వరాలు మూడు వరసలు చెప్పారు. మిగతాది నా అంతట నేను సాధన చేశాను. నాలుగో వేలు అందాలంటే మణికట్టు లోపలికి విరిచి పట్టాలి. అలా పట్టేదాన్ని. రెండు నెలలకి మణికట్టు వాచింది. నాన్నమ్మ ఆముదం వెచ్చబెట్టి రాసింది, వాయిలాకు కట్టింది. తగ్గకపోతే పాసింజరు ఎక్కించి అరకు డిస్పెన్సరీకి తీసుకెళ్లింది.

అక్కడి కాంపౌండరుగారే తర్వాత నాకు మేష్టారయ్యారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ సీసాల బిరడాలు వాసన చూస్తూ ఉండే మనిషి. అందరూ ఆయన్ని కాంపౌండరుగారనే పిలిచేవారు. ఆయన ఫిడేలు వాయిస్తారని మందుల కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. నా మణికట్టు పట్టుకుని నొక్కి, వేళ్ల చివర్లలో తీగ కోసిన గీతలు చూసి, "ఏటి మోత్తన్నావమ్మా? రాళ్లా?" అని అడిగారు. ఫిడేలని చెప్పాను.  ఆయన లోపలి గదిలోకి వెళ్లి, దూది పెట్టె పక్క నుంచి ఒక చిన్న పెట్టె తెచ్చారు. అందులో ఫిడేలు ఉంది, నా చేతికి చేసినంత చిన్నది. నాకు అంతవరకు ఫిడేళ్లలో పిల్లల సైజులుంటాయని తెలియదు. అరటిపండు రంగు గౌను వేసుకున్న బొమ్మని చూసినట్టు చూశాను దాన్ని.

"మందు రాయడం నా వల్ల కాదు గానీ, ఇది రాత్తాను" అన్నారు నవ్వుతూ. "పెద్ద గౌనేసుకుంటే కాలికి తగులుతాది, అంతే. పెద్ద ఫిడేలేసుకుంటే సెయ్యి పోతాది. ఆ పెద్దది అటక మీద పెట్టించండి అమ్మా."

"ఇది కొనాలాండి?" అంది నాన్నమ్మ.

"అమ్మను. అద్దెకిత్తాను. సెయ్యి దీన్ని దాటే దాకా ఉంచుకోండి. దాటిన రోజు తెచ్చియ్యాల. ఈ కొండ మీద ఇది ఒక్కటే ఉంది, నా దగ్గర మొదట్నుంచీ ఇదే పద్ధతి."

నెలకి రెండు రూపాయలు అద్దె. ఊరికే ఇస్తే మూల పడేస్తారని ఆయన భయం. మందు సీసాకి ఆయన ఒక కాగితపు పట్టీ అంటించేవారు. దానికి అంచున గాట్లు కత్తిరించేవారు. ఒక్కో గాటు ఒక్కో మోతాదు. చదువు రానివాళ్లు కూడా గాటు చూసి మందు తాగేవారు. ఆ చిన్న ఫిడేలు మెడ మీద కూడా అలాంటి పట్టీయే అంటించి ఉంది. ఒక్కో గాటు ఒక్కో స్వరం. "గాటు దాటి తాగితే కడుపు సెడతాది, గాటు దాటి నొక్కితే సెవి సెడతాది" అనేవారు.

ఆదివారం డిస్పెన్సరీకి సెలవు. పొద్దున పాసింజరులో నాన్నమ్మా నేనూ అరకు వెళ్లేవాళ్లం. సొరంగం వచ్చినప్పుడల్లా నాన్నమ్మ చుట్ట నిప్పు ఎక్కడా కనిపించేది కాదు, అది ఆమె నోట్లో ఉండేది కదా. పొగ వాసన మాత్రం తెలిసేది. నేను ఫిడేలు పెట్టెని రెండు చేతులా కౌగలించుకుని కూర్చునేదాన్ని. స్పిరిట్ వాసన, గులాబీ రంగు అజీర్తి మందు వాసన, కమానుకి రాసే లక్క రంగు బిళ్ల వాసన కలిసిన ఆ గదిలో మొదటిసారి నా నాలుగు వేళ్లూ నొప్పి లేకుండా నాలుగు గాట్ల మీద వాలాయి. సరళీ వరసలు అయ్యాయి, జంట వరసలు అయ్యాయి. చిన్న గీతమొకటి వాయిస్తే నాన్న డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే చెప్పులు విడవకుండా నిలబడిపోయాడు. అయిపోయాక, "ఆ పెద్దమ్మే" అన్నాడు. అంతకు మించి నన్నెవరూ మెచ్చుకోలేదు, మెచ్చుకోవాలని నాకూ అనిపించలేదు.

దొన్ను మా స్టేషన్ గేంగులోనే పనిచేసేవాడు. స్టేషన్‌కి పైన కొండ మీద వాళ్ల గూడెం. సోంబారికి చలిజ్వరం వస్తే ఎత్తుకుని డిస్పెన్సరీకి తెచ్చాడు ఒక ఆదివారం. సెలవైనా కాంపౌండరుగారు మందిస్తారని అందరికీ తెలుసు. లోపల నేను వాయిస్తుంటే అది బల్ల మీద పడుకుని, ఒళ్లు కాలుతూనే, నా వెనకే కూనిరాగం తీసింది. నేను తప్పిన చోట అది తప్పలేదు. మేష్టారు నన్ను ఆపి, దాన్ని పాడమన్నారు. పాడింది. ఇంకో వరస పాడి వినిపించారు. అదీ తిరిగి పాడేసింది. వాళ్ల తాత సొరకాయ బుర్రకి రెండు తీగలు కట్టి వాయించేవాడని, రోజూ అది ఆయన పక్కనే పడుకునేదని దొన్ను చెప్పాడు. మేష్టారు దాని చెయ్యి చాపించి చిన్న ఫిడేలు ఆనించారు. అప్పుడది అరచేతిని కూడా దాటి వేళ్ల మీదకి వచ్చింది. "మణి వాడకం అయ్యేసరికి ఈ పిల్ల ఎదుగుతాది, సరిగ్గా సరిపోతాది" అన్నారు. మణి అంటే నేను.

ఆ రోజు నుంచి నాకు నిద్రలో కూడా స్థిమితం లేదు. సోంబారి కూడా ప్రతి ఆదివారం మాతోనే బండి ఎక్కేది. మేష్టారు దానికి ఒక వెదురు ముక్క ఇచ్చారు, ఫిడేలు మెడంత పొడవుది. దాని మీదా గాట్ల పట్టీ అంటించారు. తీగ లేదు, కమాను లేదు. అది ఆ వెదురు మీద వేళ్లు పెడుతూ నోటితో స్వరం పాడేది. బండిలో నా ఒళ్లో పెట్టె, దాని ఒళ్లో వెదురు. అద్దెకి దొన్ను డబ్బులివ్వలేడు. నెలకొక కొండచీపురు ఇస్తానన్నాడు. ఫిడేలు చేతికి రాకముందే నెల నెలా తెచ్చి డిస్పెన్సరీ మూల పెట్టడం మొదలుపెట్టాడు. మేష్టారు వద్దంటే, "వత్తువు మీది, మాట మీది. నా మాట కూడా ఉండాల కదా బాబూ" అన్నాడు.

ఈలోపు నా చేతులు పెరగడం మొదలుపెట్టాయి. పదో ఏడు దాటాక అన్ని వైపులా సాగాను. అమ్మ గౌను మడత విప్పిన ప్రతిసారీ  ఆ కొత్త గీతని అరచేత్తో మూసుకుని మేష్టారి ముందు కూర్చునేదాన్ని. చిన్న ఫిడేలు వెళ్లిపోతే నాకు మిగిలేది అటక మీద పెద్దది. మధ్య సైజు ఈ కొండ మీద లేదు. పెద్దదాన్ని పట్టుకుంటే మళ్లీ మణికట్టు వాస్తుంది. అంటే చెయ్యి పూర్తిగా ఎదిగేదాకా ఏడాదో, రెండేళ్లో ఏమీ లేకుండా కూర్చోవాలి. ఆ రెండేళ్లలో నాన్నకి బదిలీ అయితే మేష్టారూ ఉండరు. పదేళ్ల పిల్లకి ఇంతకంటే పెద్ద లెక్కలు అక్కర్లేదు.

ఈ లెక్కలు నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ చలికాలం మొదట్లో అమ్మ నాకు స్వెట్టరు అల్లింది. ఎప్పుడూ అల్లినట్టే పెద్దదే అల్లింది, అయితే ఒళ్లు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం ఇద్దరు పిల్లలు దూరేంత వదులు. నాన్నమ్మ దాన్ని ఎత్తి పట్టుకుని, "ఏటే కోడలా, ఇవి సేతులా, సంచులా? ఇందులో గుంటా పడతాది, గుంట అబద్ధాలూ పడతాయి" అంది. అమ్మ తలెత్తలేదు. కొలత రోజు పొద్దున ఆ స్వెట్టరు తానే తొడిగింది. చలి అంతగా లేదు.

అలా వంచాను మోచెయ్యి.

తర్వాతి ఆదివారం బండిలో సోంబారి నా పక్కనే కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగాను. సొరంగాలు రెండు దాటాక అడిగింది.

"మణక్కా, నీ సెయ్యి ఎదగనేదా?"

"లేదు."

"మా మేక సిన్న పిల్లప్పుడు వచ్చినాది మీ ఇంటికి. గుర్తుందా? అదీ ఎదిగిపోనాది. దానికి పిల్లలు కూడా."

నాన్నమ్మకి నవ్వొచ్చి పొగ పొలమారింది. నేను నవ్వలేదు. సోంబారీ నవ్వలేదు. "పోన్లే. నాకు పాట వచ్చీసినాది కదా. వేళ్లు తర్వాతొత్తాయి" అని వెదురు మీద వేళ్లు పెట్టుకుంది. ఆ ఆర్నెల్లలో నేను మూడు గీతాలు, ఒక స్వరజతి నేర్చుకున్నాను. అది కూడా నేర్చుకుంది, నోటితో. నేను మర్చిపోయిన చోట మేష్టారు దాని వైపు చూసేవారు, అది అందించేది. ఎవరి దగ్గరా నా మోచేతి మాట ఎత్తలేదు. ఒక్కసారి చెప్పేస్తే బాగుండునని నేనే ఎదురుచూశాను. చెప్తుందని భయపడుతూనే ఎదురుచూశాను.

వానలు పడ్డాయి. కొండ మీద పిల్లలు వానాకాలంలోనే ఎదుగుతారని నాన్నమ్మ అనేది. వెదురు కొమ్ముల్లాగ, పొద్దున చూసినంత సాయంత్రం ఉండరు అనేది. మధ్యలో కొండచరియ విరిగిపడి పాసింజరు చాలా వారాలు రాలేదు. దొన్ను గేంగు రాత్రీ పగలూ పట్టాల మీదే ఉంది. బండి మళ్లీ నడిచిన మొదటి ఆదివారం మేము నలుగురం అరకు వెళ్లాం. ఎండ వచ్చింది, స్వెట్టరు వేసుకోలేదు. మేష్టారు చెయ్యి చాపమంటే చాపాను. వంచలేదు. ఫిడేలు తల మణికట్టుకి ఇంకా వెనకే ఆగిపోయింది. ఆయన నా ముఖంలోకి చూశారు. ఆర్నెల్లలో ఒక చెయ్యి అంత ఎదగదని ఆయనకి తెలుసు. ఫిడేలు తీసుకుని సోంబారిని పిలిచారు.

దొన్ను ఆ రోజు కూడా అదే తువ్వాలు తెచ్చాడు. సోంబారి ఎడమ చెయ్యి చాచింది. సన్నటి, నల్లటి, తిన్నటి చెయ్యి. ఫిడేలు తల దాని అరచేతి మీద పడలేదు. మణికట్టు దగ్గరే ఆగింది.

 మేష్టారు రెండోసారి ఆనించి చూశారు. అప్పుడు, ఎంతో నెమ్మదిగా, "మోచెయ్యి కొంచెం వదులు సెయ్యమ్మా" అన్నారు. అంత పద్ధతి గల మనిషి ఆ మాట అనడం నేను విన్నాను. సోంబారి నా వైపు తిరిగింది. ఎలా వదులు చెయ్యాలో దానికి నాకంటే బాగా తెలుసు, నన్ను చూసింది కదా. చెయ్యి ఇంకా బిగించి, "నాది ఇంతే ఉన్నాది మేష్టారూ" అంది.

"తీసుకెళ్లనియ్యండి దొన్నూ. కొన్నాళ్లు వాయించుకుంటాది" అన్నారు మేష్టారు.

దొన్ను కూతురి చేతిని, ఫిడేలుని మార్చి మార్చి చూశాడు. "సిన్నదయిపోనాది కదా బాబూ. మీరే సెప్పినారు, సెయ్యి దాటితే ఇంకో బిడ్డదని. మా గుంట సెయ్యి దాటీసినాది. ఎవులికో సరిపోతాది, ఆళ్లకియ్యండి." కూతురితో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. అది వెదురు ముక్కని తెచ్చి మేష్టారి బల్ల మీద, మందు సీసాల పక్కన పెట్టింది. ఇద్దరూ వెళ్లిపోయారు. సాయంత్రం బండిలో కూడా వాళ్లు వేరే పెట్టెలో ఎక్కారు. మూలనున్న చీపుర్ల వైపు మేష్టారు చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

నన్ను ఆయన తిట్టలేదు. తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి ఆయన బల్ల మీద బట్టలు కుట్టేవాళ్ల టేపు ఒకటి ఉంది. చిన్న ఫిడేలుకి కొత్తగా వచ్చిన పిల్లవాడి చేతిని, ఒక మనిషి చేత భుజం పట్టించి, ఇంకొక మనిషి చేత మోచెయ్యి పట్టించి కొలిచారు. అంతకుముందెప్పుడూ ఆయన పిల్లల్ని అలా కొలవలేదు. చెయ్యి చాపమంటే చాపేవాళ్లం, అంతే. నాకు ఆ టేపుని చూసిన రోజు కంటే పెద్ద శిక్ష తర్వాత ఎవరూ వెయ్యలేదు.

అటక మీద ఫిడేలు దింపారు. నేను భయపడినంత లేదు. మూడు వేళ్లు బాగానే అందాయి, నాలుగోది కొద్ది నెలల్లో అందింది. కొత్తవలసకి బదిలీ అయ్యేదాకా మేష్టారి దగ్గరే నేర్చుకున్నాను. ఆ తర్వాత మరి కొన్నేళ్లు ఎవరెవరి దగ్గరో సాగించాను. పత్రికలో చేరాక మానేశాను. అమ్మ చివరి రోజుల్లో ఆమెని అడిగాను, స్వెట్టరు చేతులు అంత వదులుగా ఎందుకు అల్లావని. "ఉన్ను మిగిలిపోనాది" అంది. ఇంకా అడగబోతే అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో అర సైజు వయొలిన్ మోగుతోంది. మనవరాలికి చెయ్యి ఎదగడమంటే పండగ. నెలకోసారి గోడ దగ్గర నిలబడి కొలుచుకుంటుంది, ముప్పాతిక ఎప్పుడొస్తుందా అని. దాని వెనక ఎవరూ నిలబడి లేరు. అది తిరిగిచ్చిన వయొలిన్ ఎవరికి వెళ్తుందో దానికి తెలియాల్సిన అవసరం లేదు. ఇదే మంచిది, సందేహం లేదు. ఒక కొండకంతటికీ ఒకే వాయిద్యం ఉండాల్సిన రోజులు తిరిగి రావాలని నేనెందుకు కోరుకుంటాను? అయినా దుకాణంలో అంత సులువుగా సంతకం పెట్టి తెచ్చుకోవడం నాకు మింగుడు పడలేదు. మేము అద్దె కట్టింది ఫిడేలుకి మాత్రమే కాదు, మా తర్వాత వచ్చే బిడ్డ ముఖం మాకు కనిపించేది. ఆ ముఖం చూస్తూ కూడా నేను మోచెయ్యి వంచాను. కనిపించకపోతే మనిషి ఇంకేం చేస్తాడో విలేకరిగా చాలాసార్లు రాశాను.

ఇన్నేళ్లలో ఆ కొండలకి ఎన్నిసార్లు వెళ్లానో. కాఫీ ధరలకి వెళ్లాను, జ్వరాలకి వెళ్లాను, డోలీలో మోసుకొచ్చిన గర్భిణుల కోసం వెళ్లాను. చింతపల్లి నుంచి రంపచోడవరం దాకా జీపుల వెనక వేలాడాను. టైడాలో బండి దిగి పక్క పల్లెలకి నడిచాను. పైన ఆ గూడేనికి మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ప్రతిసారీ టైమ్ లేదనుకున్నాను. విలేకరికి టైమ్ ఉండదన్న మాటని అందరూ నమ్ముతారు, నేనూ నమ్మాను.

గత నెల ఎక్కాను. మోకాళ్లు మొరాయిస్తుంటే మూడు చోట్ల కూర్చుని ఎక్కాను. దొన్ను పోయి చాలా కాలమైందట. సోంబారి తమ్ముడి భార్య ఇంటి ముందు మిరియాలు ఆరబెడుతోంది. నేనెవరో చెప్పాను. రైల్వే క్వార్టరు పిల్ల అంటే ఆమెకి ఏమీ అర్థం కాలేదు. నేనడిగింది ఒకటే, సోంబారి తర్వాత ఏదైనా వాయించిందా అని.

"నానొచ్చీసరికే ఆమె పెళ్లయి ఎల్లిపోనాది అమ్మా. పాడీదని సెప్పీవోరు. వాయించడం నానెరగను."

"ఎక్కడికిచ్చారు?"

ఊరి పేరు చెప్పింది. ఒడిశా వైపు, సరిహద్దు దాటి. ఫోన్ నంబరు లేదు. ఏడాదికోసారి వచ్చేదట, కాళ్లు నొప్పులని ఈ మధ్య రావడం లేదట. అంటే బతికే ఉంది. ఆ మాట విన్నాక నేను ఆ అరుగు మీద కూడా కూర్చోలేకపోయాను. మిరియాల చుట్టూ నడుస్తుంటే ఆమె, "కూకోండమ్మా, తిరిగితే వత్తాదేటి ఆ ఊరు?" అంది.

ఆ పేరుతో సరిహద్దు అవతల రెండు ఊళ్లున్నాయి. మొదటిదానికి వెళ్లొచ్చాను. అక్కడ ముగ్గురు సోంబారులున్నారు, ముగ్గురూ ఆమె కాదు. రెండోది నది అవతల ఉంది, వానలు తగ్గేదాకా అటు జీపు వెళ్లదు.